ఏడో నెంబరు డబ్బా

వైఫై డబ్బా యాడ బిగించాల్నో చెప్పేదానికి మా కంపెనీలో పదిమంది ఉండారు. బిగించేది మాత్రం నేనొక్కన్నే. ఏసీ రూములో కూచోని కంప్యూటర్లో ఒక చుక్క పెడతారు. ‘రమేష్‌బాబూ, ఇక్కడ’ అంటారు. ఆ చుక్క కాడికి పోయి చూస్తే ఆడ నీళ్ళ పైపు ఉంటాది, లేదంటే ఇనప దూలం ఉంటాది. ఆ సంగతి చెప్తే ‘డ్రాయింగ్ ప్రకారం చెయ్యవయ్యా, నీకెందుకు’ అంటారు. యాభై డిగ్రీల ఎండలో నిచ్చెన భుజానేసుకోని తిరిగేవానికి ఒళ్ళు మండదా? నాకు పదకొండేండ్లుగా మండతానే ఉండాది. అందుకే డ్రాయింగ్ అంటే నాకు మొదట్నుంచీ లెక్కలేదు. నా లెక్కలేనితనం ఒక మనిషి కొంప ముంచింది. అది చెప్పుకుందామనే ఇదంతా.

మా కంపెనీకి కువైట్‌లో సులైబియా కాడ పెద్ద కోల్డ్ స్టోరు ఉండాది. గడ్డకట్టిన కోళ్ళు, ఆపిల్ పండ్లు, జున్ను, అన్నీ ఆడికే వస్తాయి, ఆడ్నుంచే లారీల్లో దుకాణాలకు పోతాయి. పోయే ప్రతి పెట్టె మీదా చీటీ ఉంటాది. గేటు కాడ ఒక మనిషి చేతిలో స్కానర్ పట్టుకోని ఆ చీటీని కొడతాడు. కొడితే వైఫై మీద కంప్యూటర్‌కు కబురు పోతాది, ‘ఈ సరుకు దాటింది’ అని. అప్పుడుగానీ లారీని బయటికి వదలరు. మూడో గేటు కాడ టేబుల్ ఏసుకోని కూచునే మనిషి బాలసుబ్బయ్య. ఆయప్ప స్కానర్ నెంబరు పద్నాలుగు.

సుబ్బయ్యన్నది పుల్లంపేట. మాది రాజంపేట, పక్కపక్కనే. యాభై దాటినాయి ఆయప్పకు. పెట్టెలు లెక్కపెట్టేటప్పుడు ఒకటికి బదులు లాభమంటా, ‘లాభం, రెండు, మూడు’ అని తెలుగులోనే పైకి లెక్కపెడతాడు, పక్కన పాకిస్తానీ డ్రైవర్లు నవ్వినా సరే. నేను గట్టిగా అరిచినా ఆయప్ప మెల్లగానే మాట్లాడతాడు. అట్లాంటోళ్ళను చూస్తే నాకు చిరాకు, అయినా ఆయప్పంటే ఎందుకో ఇష్టం.

ఆయప్ప పెండ్లాం తిరుపాలమ్మ కూడా కువైట్‌లోనే ఉండాది. జహ్రాలో ఒక కువైటీల ఇంట్లో పనిమనిషి. సులైబియా నుంచి జహ్రాకు బస్సులో పోతే అర్ధగంట పట్టదు. అయినా మొగుడూ పెండ్లాం చూసుకునేది పదైదు దినాలకొక శుక్రవారం, అదీ సందకాడ రెండు గంటలు. ఆ రెండు గంటలు కూడా ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మనసు బాగుంటేనే. తొమ్మిదేండ్లు ఒకే దేశంలో ఉంటా కాపురమంతా ఫోన్లోనే చేసినారు పాపం.

మామా మధ్యాహ్నం తిని పండుకుంటాది. ఒంటిగంట నుంచి రెండు దాకా తిరుపాలమ్మకు ఖాళీ. ఆ యాలకే కోల్డ్ స్టోరులో సుబ్బయ్యన్నకు విరామం. కానీ పనోళ్ళు పండుకునే గదులు స్టోరు ఎనకాల, ప్రహరీ గోడకు ఆనిచ్చి పెట్టిన రేకు కంటైనర్లు. ఆ రేకుల్లోకి ఫోన్ సిగ్నల్ రాదు. వైఫై కూడా అందదు. మాట్లాడాలంటే ఆ ఎండలో బయట నిలబడాల.

పోయిన సంవత్సరం మే నెలలో ఒక పొద్దు నేను స్టోరుకు పోతే సుబ్బయ్యన్న టీ తెచ్చిచ్చి పక్కన నిలబడినాడు.

“రమేషా, ఒక మాట అడుగుతా, కోప్పడగాకు.”

“కోప్పడతానని తెలిసి అడుగుతాండావంటే పెద్దదే అయ్యుంటాది. చెప్పు.”

“నా టేబుల్ మీద ఉండే డబ్బా గదుల పక్కకు జరపడానికి అయితాదా? నాకు ఆ డబ్బా లేకపోయినా స్కానర్ పనిచేస్తాది, అవతల ఆరో నెంబరుది అందుతాది. మీ వదినతో మాట్లాడేదానికి ఎండలో నిలబడితే మొన్న కండ్లు తిరిగి పడినా.”

నేను ఆ డబ్బా దిక్కు చూసినా. ఏడో నెంబరు. డ్రాయింగ్‌లో ఆయప్ప టేబుల్ నెత్తినే చుక్క ఉండాది. పర్మిషన్ అడగాలంటే ఒక కాగితం, దానికి ఇద్దరి సంతకాలు, మూడు వారాలు. అడిగినా ఇయ్యరు. పనోళ్ళ గదులకు వైఫై ఎందుకు అంటారు.

“నిచ్చెన పట్టుకో” అన్నా.

నలభై మీటర్ల వైరు గోడ కిందుండే తూములోనుంచి లాగి, డబ్బాను ఎనకాల రెండో గది గోడకు బిగించినా. గంట పని. ఎవురికీ చెప్పలేదు. డ్రాయింగ్‌లో చుక్క మార్చలేదు. మార్చాలని కూడా తోచలేదు నాకు. ఆ మధ్యాహ్నం సుబ్బయ్యన్న ఫోన్ నా మొగం ముందర పెట్టినాడు. తెరలో తిరుపాలమ్మ, ఇస్త్రీ బట్టల మధ్య కూచోని ఉండాది. “సల్లగుండు నాయనా” అనింది నన్ను. పదకొండేండ్లలో నా పని చూసి ఒకరు అట్ల అనడం అదే మొదలు. చానా సంతోషపడినా. ఇప్పుడు అబద్ధమెందుకు.

ఆ రెండో గదిలోనే మా బామ్మర్ది ఆంజి కూడా ఉంటాడు. నా పెండ్లాం వెంకటేశ్వరికి ఒక్కడే తమ్ముడు. ఊర్లో జులాయిగా తిరగతాంటే మా అత్త ఏడ్చి మొత్తుకుంటే, నేనే కంపెనీలో చెప్పి ఈ దేశంలో ఉండేదానికి ఇఖామా చేయించి తెచ్చినా. తెచ్చి సుబ్బయ్యన్న చేతిలో పెట్టినా. ఆయప్ప వానికి వండి పెట్టేది, జ్వరమొస్తే మందులు తెచ్చేది. ఆంజి పని లోడింగ్. రోజూ మధ్యాహ్నం గదిలోని తక్కిన ఇద్దరితో కలిసి ఖాళీ చెక్కలు లారీలో ఏసుకోని అమ్ఘరా యార్డుకు పోవాల. వాడు వారంలో రెండు మూడు దినాలు ఎగ్గొట్టి గదిలోనే పండుకుంటాడని నాకు తెలుసు. ఫోర్‌మన్ హాజరు ఏసేస్తాడు, వాడు లారీలో ఉన్నాడో లేదో చూడడు. రెండుసార్లు నేనే చూసి తిట్టినా. తిట్టి ఊరుకున్నా, మనోడే గదా అని.

జూన్‌లో సరుకు పోవడం మొదలైంది. మూడు లారీల కోళ్ళు దుకాణాలకు చేరనే లేదు. కంప్యూటర్లో చూస్తే అన్నీ దాటినట్టే ఉండాది, పద్నాలుగో నెంబరు స్కానర్ కొట్టినట్టే ఉండాది. కానీ కొట్టిన టైము మధ్యాహ్నం ఒంటిగంట పైన. ఆ టైములో స్కానర్లన్నీ ఆపేసి బీరువాలో చార్జింగ్‌కు పెట్టి తాళమేసి ఉంటారు. తాళం సూపర్‌వైజర్ జేబులో ఉంటాది. బీరువాలో ఉండే స్కానర్ గేటు కాడ పెట్టెలెట్ల కొడతాది?

అప్పుడు హెడ్డాఫీసు నుంచి కుముదిని మేడం వచ్చింది. విజయవాడ ఆయమ్మ, నెట్‌వర్క్ ఇంజనీరు. మొగుడూ పిల్లలతో అబూ హలీఫాలో ఉంటాది. మిగతా ఇంజనీర్ల మాదిరి కాదు, నిచ్చెన కాడికి వచ్చి నిలబడి మాట్లాడుతాది. అడిగితే విడమరిచి చెప్తాది.

“ప్రతి పరికరానికీ ఒక నెంబరు ఉంటుంది రమేష్ గారూ. మాటలకి మామూలు ఫోన్‌ని కూడా మన వైఫై రానిస్తుంది గానీ, సరుకు లెక్కలోకి మాత్రం ఆ నెంబరు చూసే రానిస్తుంది. ఎవరో ఆ పద్నాలుగో స్కానర్ నెంబరుని ఒక ఫోన్‌కి పెట్టేసుకున్నారు. నెంబరు చూస్తే అచ్చం స్కానరే. మనకి తేడా తెలీదు.”

“మరెట్ల పట్టుకుంటారు మేడం?”

“నెంబరు దొంగిలించొచ్చు. కానీ ఆ ఫోన్ ఎక్కడో ఒకచోట ఉండి మాట్లాడాలి కదా. ఏ డబ్బాకి ఎంత గట్టిగా వినపడుతుందో చూస్తే అదెక్కడుందో తెలిసిపోతుంది. ఈ చలిగోడలు మందం కాబట్టి మూలల్లో ఒక్క డబ్బాకే వినపడుతుంది, అయినా ఆ డబ్బా దగ్గరే ఉందని చెప్పొచ్చు. స్కానర్ బీరువాలో ఉండాల్సిన టైంలో దాని నెంబరు వేరేచోట నుంచి పలికిందంటే, అదే దొంగది.”

నాకు అర్థమైంది. బాగానే అర్థమైంది. ఆయమ్మ ల్యాప్‌టాప్‌లో డ్రాయింగ్ తెరిచి, ఎనిమిది చుక్కల మీదా వేలు పెట్టి చూపించింది.

“అన్నీ డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయా?”

అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. ఏడోది జరిపినా మేడం అని. చెప్తే డబ్బా మళ్ళీ టేబుల్ మీదికి పోతాది, సుబ్బయ్యన్న మళ్ళీ ఎండలో నిలబడతాడు, నాకు వార్నింగ్ లెటరొస్తాది. ఒక్క డబ్బానే గదా, దొంగ దాని కాడికే వస్తాడా అనుకున్నా.

“అన్నీ ప్రకారమే ఉండాయి మేడం” అన్నా.

పోయి చూడలేదు ఆయమ్మ. నా మాట నమ్మింది.

మరుసటి వారం మంగళవారం, ఒంటిగంటా పది నిమిషాలకు పద్నాలుగో నెంబరు మళ్ళీ పలికింది. కుముదిని మేడం హెడ్డాఫీసులో ఉండి నాలుగు గంటలకు ఆ లెక్క తీసింది. ఐదుకల్లా స్టోరుకు వచ్చింది. నేను ఆ పొద్దు ఆడనే ఉండాను, వేరే వైర్ల పని మీద. నన్ను కూడా ఆఫీసులోకి పిలిచినారు. ముదీర్, అంటే మా మేనేజర్, సిరియా ఆయన, కుర్చీలో కూచోని ఉండాడు. ఎదురుగా సుబ్బయ్యన్న చేతులు కట్టుకోని నిలబడి ఉండాడు.

ల్యాప్‌టాప్‌లో ఎర్ర చుక్క మూడో గేటు కాడ, సరిగ్గా సుబ్బయ్యన్న టేబుల్ మీద ఉండాది.

నిజానికి ఆ దొంగ ఫోన్ పలికింది టేబుల్ కాడ కాదు. ఆడుండే డబ్బా ఇప్పుడు ఎనకాల గది గోడకుంది. ఆ సంగతి తెలిసింది ఆ ఆఫీసులో ఇద్దరికే, నాకూ ఆయప్పకూ.

“ఒంటిగంటా పదికి మీరెక్కడున్నారు?” అని మేడం అడిగింది.

“గదిలో ఉంటినమ్మా. మా ఆడమనిషితో మాట్లాడతా ఉంటి.”

మేడం అరబ్బీలోకి మార్చి చెప్పింది. ముదీర్ ఏదో అడిగినాడు. “గదుల్లో సిగ్నల్ రాదు కదా, ఎలా మాట్లాడారు అంటున్నారు” అనింది.

సుబ్బయ్యన్న నా దిక్కు ఒక్కసారి చూసినాడు. ఒక్కసారే. మళ్ళా తల తిప్పుకున్నాడు.

“నా సొంత డాటా ఏసుకుంటిని” అన్నాడు.

ఆయప్ప నన్ను కాపాడేదానికి అబద్ధమాడతాంటే గోడకానుకోని నిలబడి విన్నా. మేడం ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికింది. తర్వాత మెల్లగా, చెప్పలేక చెప్పినట్టు చెప్పింది.

“సుబ్బయ్య గారూ, ఆ టైంలో మీ ఫోన్ మన వైఫై మీదే ఉంది. ఇదిగో. మీ టేబుల్ దగ్గరే ఉంది. ఆ దొంగ నెంబరు పక్కనే.”

ఇంగేముంది. అబద్ధం పట్టుబడింది. ఆయప్ప పుట్టి బుద్ధెరిగి ఆడిన అబద్ధాలు ఎన్నుంటాయో నాకు తెల్వదు, ఆ ఒక్కటి మాత్రం నా కోసరం ఆడినాడు. ముదీర్ చెయ్యి గాల్లో ఊపి “ఖలాస్” అన్నాడు. పోలీసులకు ఫోన్ చేసినారు. వాళ్ళొచ్చేలోపల సుబ్బయ్యన్న సివిల్ ఐడీ తీసేసుకున్నారు.

బయట బండి ఎక్కించేటప్పుడు నేను పక్కకు పోయి నిలబడినా.

“ఎందుకన్నా అట్ల చెప్పినావు?”

“నువ్వు నాకు మేలు చేస్తివి. అది నీ మెడకు చుట్టుకోగూడదు” అన్నాడు. “తేలిపోతాదిలే రమేషా. నేను తీయలేదు గదా. మీ వదినకు ఫోన్ చేసి, ఒకటి రెండు దినాలు పనెక్కువుంది, మాట్లాడేకి కుదరదని చెప్పు.”

ఆయప్ప నిజంగానే నమ్మినాడు, తేలిపోతాదని.

పొద్దున్నే పోయినా హెడ్డాఫీసుకు. కుముదిని మేడం ముందర నిలబడి అంతా చెప్పేసినా. మే నెలలో డబ్బా జరిపింది, వైరు లాగింది, ‘ప్రకారమే’ అని అబద్ధం చెప్పింది, అంతా. ఉద్యోగం పోతే పోనీ అనుకునే పోయినా. ఆ మాట గొప్పకు చెప్పడం లేదు.

ఆయమ్మ మొగం ఎర్రగా అయిపోయింది. గట్టిగా అరవలేదు.

“మీరు ఒక్క మాట చెప్పుంటే నేను ఆ చుక్కని ఆయన టేబుల్ మీద పెట్టేదాన్ని కాదు కదండీ. నా చేత్తో చూపించాను నేను. పోలీసులకి కూడా నేనే చూపించాను.”

“తప్పయిపోయింది మేడం. నా పేరు రాసుకోండి. ఆయప్పను విడిపించండి.”

“రాస్తాను. రాయక తప్పదు” అని లేచింది.

ఇద్దరం సులైబియా పోయినాం. రెండో గది గోడ మీద ఏడో నెంబరు డబ్బాను ఆయమ్మ కండ్లారా చూసింది, ఫోటో తీసుకుంది. లోపల మంచం మీద కూచోని, ల్యాప్‌టాప్ తెరిచి, డ్రాయింగ్‌లో ఏడో చుక్కను పట్టుకోని లాగి ఈ గది గోడ మీద పెట్టింది. నిన్నటి లెక్క మళ్ళీ వేసింది. టేబుల్ కాడుండే చుక్కలు రెండూ కదిలినాయి. ఎర్రదీ, సుబ్బయ్యన్న ఫోన్‌దీ. కదిలి వచ్చి రెండూ ఈ గదిలో పడినాయి, పక్కపక్కన.

నేను సంతోషంగా ఆయమ్మ మొగం చూసినా. ఆయమ్మ మొగంలో సంతోషం లేదు.

“ఆయన గదిలోనే ఉన్నాననడం నిజమే” అనింది. “కానీ రమేష్ గారూ, ఆ దొంగ ఫోన్ కూడా ఈ గదిలోనే ఉంది. ఆయనకి రెండు మూడు అడుగుల్లో. ముదీర్‌కి ఇది చూపిస్తే ఏమంటాడు? టేబుల్ మీద కాదు, మంచం మీద కూర్చుని చేశాడంటాడు.”

నాకు అప్పటిదాకా ఆ సంగతే తట్టలేదు. డబ్బా కథ చెప్తే ఆయప్ప బయటపడతాడనుకున్నా గానీ, దొంగ యాడుంటాడో ఆలోచించలేదు.

ఆయమ్మ హాజరు కాగితం తీసింది. “ఈ గదిలో నలుగురు. మిగతా ముగ్గురూ నిన్న మధ్యాహ్నం అమ్ఘరా వెళ్ళినట్టు ఫోర్‌మన్ రాశాడు. అంటే ఆయనొక్కడే ఉన్నట్టు. ఇంకెవరైనా ఉండిపోయారా? మీవాళ్ళే కదా అందరూ. మీకు తెలిస్తే చెప్పండి. ఇంకొక మనిషి ఉన్నాడంటే చాలు, నేను ఈ కేసు ఆపిస్తాను.”

ఆయమ్మ కూచున్న మంచానికి ఎదురు మంచం ఆంజిది. దుప్పటి ఒక మూలకు తన్నేసి ఉండాది. నిన్న పొద్దున వాడు నాకు ఫోన్ చేసి, ‘బావా, తలనొప్పిగా ఉండాది, ఈ పొద్దు అమ్ఘరా పోనుబ్బా’ అని చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. అన్నీ ఒకేసారి అర్థమైనాయి. సుబ్బయ్యన్న ఆఫీసులో నన్ను మాత్రమే దాచలేదు. ఆంజి కూడా గదిలో ఉండాడని ఒక్క మాట చెప్పుంటే ఆయప్పకు సాక్ష్యం దొరికేది. పని ఎగ్గొట్టినాడని తెలిస్తే పిల్లోని ఉద్యోగం పోతాదని దాచినాడు. వాడే దొంగని ఆయప్పకు తెల్వదు.

“చెప్పండి” అనింది మేడం.

మా అత్త మొగం కండ్ల ముందర ఆడింది. వెంకటేశ్వరి మొగం ఆడింది. నా ఉద్యోగం పోగొట్టుకునేదానికి తయారుగా వచ్చినోన్ని నేను, దానికైతే సిద్ధమే. ఇది మాత్రం అనుకోలేదు.

“తెల్వదు మేడం” అన్నా. “మధ్యాహ్నాలు నేనీ గదికి రాను.”

ఆయమ్మ నా దిక్కు కొంచేపు చూసి ల్యాప్‌టాప్ మూసింది.

సందకాడ ఆంజిని స్టోరు ఎనక్కి పిలుచుకోని పోయినా. అడగాల్సిన పని కూడా రాలేదు. నా మొగం చూస్తానే ఏడ్చినాడు. లారీ డ్రైవరెవడో ఫోన్ ఇచ్చినాడంట, నెంబరు కూడా వాడే పెట్టిచ్చినాడంట, చెప్పినప్పుడు నొక్కితే చాలన్నాడంట.

“ఫోన్ యాడరా?”

“నిన్ననే మురుగు కాల్వలో ఏసేసినా బావా.”

చెంపలు వాయించినా. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా. వాడు ఎదురు తిరగలేదు, తప్పించుకోలేదు. “నీకు వండి పెట్టినాడు గదరా” అంటా కొట్టినా. “నేను పోయి చెప్తా బావా” అన్నాడు వాడు చివరికి. నిజంగానే పోయేవాడేమో. నేను వాని చొక్కా పట్టుకోని ఆపినా. “నోరు మూసుకోనుండు” అన్నా. వాన్ని ఆపింది నేనే. అది ఎవురి మీదా తోసేసేది కాదు.

మేడం అన్నట్టే జరిగింది. కొత్త చుక్కలు చూపిస్తే ముదీర్ నవ్వినాడంట, నిన్న టేబుల్, ఈ రోజు మంచం, మనిషి మాత్రం ఒక్కడే గదా అని. నాకు వార్నింగ్ లెటరిచ్చి అమ్ఘరా యార్డుకు మార్చినారు. కోర్టు దాకా పోలేదు కంపెనీ, ఇఖామా రద్దు చేసి సుబ్బయ్యన్నను దేశం నుంచి పంపించేస్తే చాలనింది. వేలిముద్రలు తీసుకున్నారు. ఇంగ కువైట్‌లో అడుగు పెట్టేకి లేదు ఆయప్ప. మేడం రెండుసార్లు పోయి అడిగింది, లాభం లేకపోయింది. శనివారం విమానం అన్నారు.

తిరుపాలమ్మ కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉండాది. పాస్‌పోర్టు ఆ ఇంటోళ్ళ కాడ ఉంది. అంతవరకూ ఆయమ్మ కదిలేదానికి లేదు. అర్ధగంట బస్సు దూరంలో ఉండే మొగుడు కూడా ఇంగ ఉండడు.

ఆ శుక్రవారం వాళ్ళిద్దరూ కలుసుకునే వారమే. మామా జాలిపడి మూడు గంటలు ఇచ్చిందంట. జహ్రాలో బస్సు స్టాపు కాడ, వాళ్ళిద్దరూ కూచునే అరుగు మీద కూచోని ఉండాది. నల్ల బుర్ఖా పైన చున్నీ కప్పుకోని, చేతిలో సంచి. నేను పోకుండా ఉండాల్సింది. ఆమెకు డబ్బా సంగతీ కేసు సంగతీ ఫోన్లో చెప్పేసినా, ఇంగ చెప్పేదేం లేదు. అయినా ఒక్కతే కూచోనుంటాదని పోయినా.

“రా నాయనా” అని పక్కన చోటిచ్చింది. సంచిలోనుంచి నీళ్ళ సీసా తీసిచ్చింది.

“మాట్లాడనిచ్చినారా అన్నతో?”

“నిన్న మాట్లాడనిచ్చినారు, ఒగ నిమిసం. ‘రమేషు నా కోసరం పోయి వాళ్ళ ముందర చెప్పినాడంట, ఉద్యోగం పోయినా పర్వాలేదన్నాడంట’ అని చెప్పినాడు. నీ మీద కోపం పెట్టుకోగాకు అన్నాడు. ఎందుకు పెట్టుకుంటా? ఈ దేశంలో మాకోసరం నోరు తెరిచినోనివి నువ్వొక్కనివే.”

సీసా పట్టుకోని కూచున్నా. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టు ఉండాది మొగం. రోడ్డు మీద పోయే బండ్లు చూస్తా ఉండి, ఉన్నట్టుండి నా దిక్కు తిరిగింది.

“ఒగ మాట అడుగుతా రమేషా. ఆ పొద్దు నేను ఫోన్లో చూసినప్పుడు ఎదురు మంచం మీద ఆంజి పండుకోని ఉండె. చొక్కా లేకుండా ఉండె, నాకు సిగ్గై ‘ఫోను ఆ పక్కకు తిప్పు’ అంటిని ఆయప్పతో. ఆ పిల్లోడు పోయి ఒగ మాట చెప్పగూడదా? ఈయప్ప నాతోనే మాట్లాడతా ఉండె, వేరే ఏమీ చెయ్యలేదని? రేపు దాకా టైముంది గదా.”

ఆమె వాన్ని అనుమానించి అడగలేదు. సాక్ష్యానికి పిలవమంటాది అంతే. ఆమెను తీస్కోని పోయి కుముదిని మేడం ముందర నిలబెడితే, ఆ ఒక్క మాటతో సుబ్బయ్యన్న రేపు విమానమెక్కడు. కుముదిని మేడం నెంబరు నా ఫోన్లోనే ఉండాది.

“ఆ పొద్దు వాడు లేడు వదినా” అన్నా. “అమ్ఘరా పోయినాడు. హాజరులో కూడా ఉండాది.”

“నేను జూస్తి గదా నాయనా.”

“అది ముందు దినం అయ్యుంటాది. సోమవారం వాడు పోలేదు. మంగళవారం పోయినాడు.”

ఆమె పెదవులు కదిలినాయి, దినాలు లెక్కపెట్టుకుంటాందని తెలుస్తానే ఉండాది. లెక్క తేలక నా మొగం చూసింది. నేను తల వంచుకోలేదు. వంచుకుంటే తెలిసిపోతాదని భయపడి అట్నే చూస్తా ఉండా.

“అట్లనే ఉంటాదిలే” అనింది. “ఆ ఇంట్లో నాకు దినాలు తెల్వవు నాయనా. శుక్కురారమొగటే తెలుస్తాది. నువ్వు చెప్తాండావంటే సోమారమే అయ్యుంటాది.”

బస్సు దూరంగా మలుపు తిరగతా కనపడింది. ఆమె లేచి సంచి సర్దుకుంది. నా భుజం మీద చెయ్యి పెట్టింది, తమ్ముని మీద పెట్టినట్టు.

“ఆయప్ప ఊరికి పోయినాక ఫోన్లో అడుగుతాలే. ఆయప్పకు దినాలు బాగా గుర్తుంటాయి.”

బస్సొచ్చి నిలబడింది. ఆమె ఎక్కి కిటికీ కాడ కూచోని నాకు చెయ్యి ఊపింది. నేను కూడా ఊపినా.